టేపుల కాలం, సెకన్ల లెక్క

అరగంట సీరియల్ అంటాం గానీ అందులో కథ ఉండేది 22 నిమిషాలే, హైదరాబాద్ వచ్చాక నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇదే. ఊళ్లో ఉన్నప్పుడు టీవీ అంటే బొమ్మ, మాట, పాట అనుకునేదాన్ని, ఎడిటింగ్ రూమ్‌లో కూర్చున్నాక అర్థమైంది ఇక్కడ కొనేదీ అమ్మేదీ అంతా టైమేనని. యాడ్ రేటు 10 సెకన్లకి ఇంత అని చెప్తారు, స్లాట్ అరగంటకి ఇంత అంటారు, ఎడిటర్ గారు ఆ సెకనుని మళ్లీ 25 ఫ్రేములు చేసి కోస్తారు. ఆ లెక్కల మధ్యే బతికిన మనుషుల గురించి ఎవరూ రాయరు. నటుల ఇంటర్వ్యూలు వస్తాయి, యాంకర్లవి వస్తాయి, టేపులు మోసినవాళ్లవి రావు కదా. అందుకే గుర్తున్నంత మటుకు రాసి పెడదామని కూర్చున్నా, పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది పాలమూరు జిల్లాలో ఒక పల్లె. నేను టీవీ చూడకముందే మా ఇంట్లో టీవీ కథ ఒకటి ఉండేది, నాన్న చెప్పేవాడు. 1975లో సర్కారోళ్లు మా పక్కూరి బడిలో టీవీ పెట్టారంట, దానికి ఇనుప జాలీతో చేసిన పెద్ద గొడుగు యాంటెనా. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం ఒక ఏడాది మనకి అరువిస్తే ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్లకి ప్రోగ్రాములు వేశారు, సైట్ అనేవాళ్లు ఆ ప్రయోగాన్ని, మన దగ్గర పాలమూరు, మెదక్, కర్నూలు వైపు ఊళ్లు అందులో ఉన్నాయి. పొద్దున బడి పిల్లలకి, సాయంత్రం పెద్దలకి. "ఎద్దులకొచ్చే రోగాల గురించి చెప్తుంటే ఊరు ఊరంతా నేల మీద కూసోని చూసినం బిడ్డా" అనేవాడు నాన్న. 1976 జులై అయిపోగానే ఉపగ్రహం వెనక్కెళ్లిపోయింది, పెట్టె మూగబోయింది. కానీ ఆ ప్రోగ్రాములు తయారు చేయడానికి హైదరాబాద్‌లో పెట్టిన సెంటర్ ఉండిపోయింది, 1977 అక్టోబర్ 23న మన దూరదర్శన్ కేంద్రం మొదలైంది. తెలుగు టీవీ పుట్టింది పల్లెటూళ్ల కోసం, రైతుల కోసం అని నాకు చాలా గర్వం, ఇప్పటి చానెళ్ల హడావుడిలో ఈ మాట ఎవరూ గుర్తు చేసుకోరు కాబట్టి ఇక్కడ చెప్తున్నా.

నేను చూసిన దూరదర్శన్ మీ అందరికీ తెలిసిందే, శుక్రవారం చిత్రలహరి, వారానికో తెలుగు సినిమా, పొద్దుగూకాక మన భాషలో కాసేపు, ఆ తర్వాత ఢిల్లీ వాళ్ల హిందీ. మధ్యలో బొమ్మ పోతే "అంతరాయానికి చింతిస్తున్నాము" అని ఒక స్లైడు, దాని ముందు కూడా జనం కదలకుండా కూర్చునేవాళ్లు. వార్తలంటే శాంతిస్వరూప్ గారు. 1983 నవంబర్ 14న తెలుగులో మొదటిసారి టీవీ వార్తలు చదివింది ఆయనే, అప్పట్లో ప్రాంప్టర్ లేదు, కాగితం చూసి గుర్తు పెట్టుకుని తలెత్తి మనల్ని చూస్తూ చెప్పాలి. ఆ నిదానం, ఆ ఉచ్చారణ, ఎంత సాధన ఉంటే వస్తుంది చెప్పండి. 2024 ఏప్రిల్‌లో ఆయన పోయారని తెలిసిన రోజు మా పాత బ్యాచ్ వాళ్లం ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం, ఇంట్లో పెద్దాయన పోయినట్టే అనిపించింది.

నేను డిగ్రీ అయ్యాక 1996లో సిటీకొచ్చా. సరిగ్గా అప్పుడే ఈ రంగం తలుపులు తెరుచుకుంటున్నాయి. అంతకు ముందు ఏడాది, 1995 ఫిబ్రవరిలో, గాలి తరంగాలు ప్రజల ఆస్తి, సర్కారు ఒక్కదాని గుత్తాధిపత్యం కుదరదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అదే ఏడాది జెమినీ వచ్చింది, ఆగస్టు 27న ఈటీవీ వచ్చింది, కేబుల్ వాళ్లకి చట్టం కూడా 1995లోనే. అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్, శ్రీనగర్ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ ఫ్లాట్‌లో ప్రొడక్షన్ కంపెనీ, హాల్లో ఆఫీసు, బెడ్‌రూమ్‌లో ఎడిటింగ్ సూట్, వంటింట్లో టీ. పొద్దున పంజాగుట్ట మీదుగా బస్సు పట్టుకుని వెళ్లేదాన్ని, రాత్రి ఎంతసేపయినా కంపెనీ బండిలో దించేవాళ్లు, ఎందుకంటే ఆ సూట్‌లో పనిచేసే ఆడపిల్లని నేనొక్కదాన్నే.

నా పని లాగ్ రాయడం. షూటింగ్ నుంచి వచ్చిన ప్రతి టేపు చూసి, ఏ సీను, ఏ టేకు, ఏ టైమ్‌కోడ్ దగ్గర మొదలై ఎక్కడ అయిపోయింది, ఎక్కడ మైక్ నీడ పడింది, ఎక్కడ కుక్క మొరిగింది, అన్నీ పుస్తకంలో రాయాలి. మా ఎడిటర్ గారు మద్రాసులో సినిమా ఫిల్ము కోసినాయన, పరిశ్రమతో పాటే హైదరాబాద్ వచ్చేశారు. ఆయనకి కోపం ఎక్కువ, నేర్పే గుణం అంతకన్నా ఎక్కువ. "అమ్మాయ్, కంటితో కొయ్యకు, చెవితో కొయ్యి. ఊపిరి పీల్చాక మాట మొదలవుద్ది, ఆ ఊపిరి కొయ్యకు" అనేవారు. ఆ ఒక్క మాట నా ఉద్యోగ జీవితమంతా అన్నం పెట్టింది.

అప్పటి ఎడిటింగ్ ఇప్పటి పిల్లలకి చెప్తే నమ్మరు. కంప్యూటర్లో ముక్కలు అటూ ఇటూ జరపడం కాదు, ఒక మెషిన్‌లో టేపు ప్లే అవుతుంటే ఇంకో మెషిన్‌లో టేపు మీద వరసగా రికార్డు చేసుకుంటూ పోవాలి, మొత్తం అయ్యాక డైరెక్టర్ గారొచ్చి రెండో సీన్లో ఒక షాటు 4 సెకన్లు పెంచాలన్నారనుకోండి, అక్కడి నుంచి చివరిదాకా మళ్లీ చేయాల్సిందే, ముగ్గులో ఒక చుక్క తప్పితే మొత్తం చెరిపి వేసినట్టు. లేదంటే కాపీ నుంచి కాపీ తీయాలి, ఒక్కో కాపీకి బొమ్మ నాణ్యత పడిపోతుంది, రంగులు కారతాయి. అందుకని నిర్ణయం ముందే తీసుకోవాలి, తీసుకున్నాక దాని మీద నిలబడాలి. ఆ క్రమశిక్షణ వల్ల అప్పటి ఎడిటర్లకి కథ మొత్తం తలలో ఉండేది, బటన్ నొక్కే ముందే ఎపిసోడ్ వాళ్ల కళ్ల ముందు ఆడేసేది. కొత్త సాఫ్ట్‌వేర్లు వచ్చినందుకు నాకు సంతోషమే, వెన్నునొప్పులు తగ్గాయి, కానీ ఆ తలలో ఆడే సినిమా మటుకు తగ్గిందనే అంటాను.

ఎపిసోడ్ రెడీ అయితే మొదట కలర్ బార్స్, తర్వాత కౌంట్‌డౌన్ క్లాక్, తర్వాత కథ, బ్రేక్ పాయింట్లు, మొత్తం డ్యూరేషన్ టేపు కవర్ మీద రాసి, సంచీలో పెట్టి రామంతాపూర్ దూరదర్శన్‌కి పంపేవాళ్లం. మా కంపెనీ అప్పుడు దూరదర్శన్‌కి స్పాన్సర్డ్ సీరియల్ చేసేది. ఆ పద్ధతి ఏంటంటే నిర్మాత టెలికాస్ట్ ఫీజు కట్టాలి, దానికి బదులు ఎపిసోడ్‌లో ఇన్ని సెకన్లు అని యాడ్ టైమ్ ఇస్తారు, ఎఫ్‌సీటీ అనేవాళ్లం, ఫ్రీ కమర్షియల్ టైమ్. ఆ సెకన్లని నిర్మాత సబ్బుల కంపెనీకో, పట్టుచీరల షాపుకో అమ్ముకుని ఖర్చు రాబట్టుకోవాలి. సెకన్లు అమ్ముడుపోకపోతే సీరియల్ ఎంత బాగున్నా నష్టమే. మా నిర్మాత గారు పొద్దున షూటింగ్‌లో కుర్చీలు సర్దించి, మధ్యాహ్నం అబిడ్స్‌లో, సికింద్రాబాద్‌లో షాపుల చుట్టూ తిరిగేవాళ్లు, "బాబూ ఒక్క 20 సెకన్లు తీసుకోండి" అని. సొంత స్థలం తాకట్టు పెట్టి సీరియల్ తీసినవాళ్లు ఆ వీధుల్లో చాలామంది ఉండేవాళ్లు, వాళ్లకి తెలుగు టీవీ చాలా బాకీ ఉంది.

ప్రైవేట్ చానెళ్లకి ఇంకో చిత్రమైన ఇబ్బంది. మన నేల మీద నుంచి ఉపగ్రహానికి సొంతంగా సిగ్నల్ పంపుకునే అనుమతి మొదట్లో వాళ్లకి లేదు, అందుకని మన దేశపు ఉపగ్రహ చానెళ్లు టేపులు విమానమెక్కించి విదేశాల నుంచి అప్‌లింక్ చేయించుకునేవి. ఇక్కడ తీసి ఇక్కడి జనం చూసే ప్రోగ్రాము సముద్రం దాటెళ్లి ఆకాశం మీదుగా మన ఇంటికొచ్చేది! 2000లో అప్‌లింకింగ్ విధానం వచ్చాకే చానెళ్లు సొంతంగా ఇక్కడి నుంచే పంపుకునే దారి పూర్తిగా తెరుచుకుంది. ఆ తర్వాత చూస్తుండగానే మా టీవీ, తేజ న్యూస్, 2003 చివర ఈటీవీ-2, 2004లో టీవీ9, ఆ తర్వాత జీ తెలుగు, ఇలా ఒకటి తర్వాత ఒకటి వచ్చాయి, 24 గంటల వార్తలొచ్చాయి, ఉద్యోగాలొచ్చాయి. జర్నలిజం చదివిన కుర్రాళ్లు, కెమెరా పట్టుకోవడం వచ్చిన పెళ్లి వీడియోల వాళ్లు, నాటకాల వాళ్లు, రేడియోలో గొంతిచ్చిన వాళ్లు, అందరికీ ఏదో ఒక పని దొరికిన కాలం అది. నేను కూడా అప్పుడే ఒక చానెల్‌లో చేరా, పేరెందుకులెండి.

చానెల్‌లో నా డిపార్ట్‌మెంట్ ట్రాఫిక్. ఏ రోజు ఏ నిమిషానికి ఏ ప్రోగ్రాము, దాని మధ్య ఏ యాడ్ ఎన్నో బ్రేక్‌లో పడాలి, ఒక సబ్బు పక్కన ఇంకో సబ్బు రాకుండా, అన్నీ సెకన్లతో సహా క్యూ షీట్ వేసి ఎంసీఆర్‌కి పంపాలి. మాస్టర్ కంట్రోల్ రూమ్‌లో కుర్రాళ్లు ఆ షీటు ప్రకారం టేపులు ఎక్కించేవాళ్లు. బ్రేక్ అయిపోతుంటే రెండో టేపు మెషిన్‌లో సిద్ధంగా ఉండాలి, లేకపోతే తెర నల్లబడుతుంది. మా టేప్ లైబ్రరీ చూసుకునే అన్న అంబర్‌పేట మనిషి, వేల టేపుల్లో ఏది ఎక్కడుందో రిజిస్టర్ చూడకుండా చెప్పేవాడు. "చెల్లె, నువ్వు నంబర్ చెప్పు, టేపు నీ టేబుల్ మీదుంటది" అనేవాడు, నిజంగానే ఉండేది. ఆయనకి టైటిల్ కార్డులో పేరు ఎప్పుడూ పడలేదు. నేను చాలాసార్లు అడిగా, లైబ్రరీ వాళ్లకి పేరు వేసే అలవాటు లేదన్నారు.

తర్వాత నన్ను ప్రివ్యూలోకి మార్చారు, అంటే తెర మీద పడకముందే ఎపిసోడ్ చూసి అభ్యంతరాలుంటే చెప్పడం, నేను ఎక్కువ కాలం చేసింది ఆ పనే. సినిమాకి సెన్సార్ బోర్డు ఉంది, సీరియల్‌కి ముందుగా సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు లేదు, ఈ తేడా చాలామందికి తెలీదు. టీవీలో వేసే సినిమాకి యు గానీ యుఏ గానీ సర్టిఫికెట్ ఉండాలి, పెద్దలకి మాత్రమే అని 'ఏ' సర్టిఫికెట్ వచ్చిన సినిమా వేయాలంటే కోతలు పెట్టి మళ్లీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. సీరియల్‌కి మాత్రం కేబుల్ చట్టం కింద ఉన్న ప్రోగ్రాం కోడ్, యాడ్ కోడ్, వీటిని దగ్గర పెట్టుకుని చానెల్ వాళ్లే చూసుకోవాలి. కులమతాలని కించపరచకూడదు, ఆడవాళ్లని హీనంగా చూపించకూడదు, మూఢనమ్మకాలని ప్రోత్సహించకూడదు, పిల్లలు ఎక్కువగా చూసే టైమ్‌లో వాళ్లకి పనికిరానివి వేయకూడదు, సిగరెట్, మందు యాడ్లు కూడదు. వేసిన ప్రతిదానికీ రికార్డింగ్ 90 రోజులు దాచాలి, ఢిల్లీ నుంచి అడిగితే చూపించాలి. 2008 నుంచి ఢిల్లీలో ఒక మానిటరింగ్ సెంటర్ కూడా చానెళ్లని గమనిస్తోంది. వార్తల మీద ఫిర్యాదులకి 2008లో ఒక సంస్థ, వినోద చానెళ్ల మీద ఫిర్యాదులకి 2011లో బీసీసీసీ, ఇవి పరిశ్రమే పెట్టుకున్నవి. తెర కింద "అభ్యంతరం ఉంటే ఫిర్యాదు చేయండి" అని స్క్రోల్ పోతుంటుంది చూశారా, అది అదే. చదవండి, నచ్చనిది కనిపిస్తే నిజంగా రాయండి, ఎవరూ రాయరు అనుకునే చానెల్ వాళ్లు ధైర్యం చేస్తారు.

ఈ ప్రివ్యూ పనిలో గొడవలు లేకుండా ఎలా ఉంటాయి. చేతబడి ట్రాక్ ఒకటి వచ్చింది ఒక సీరియల్‌లో, కోడలి మీద ప్రయోగం, నిమ్మకాయలు, బొమ్మలు, వారాల తరబడి లాగుతున్నారు, ఎక్కడా అది తప్పని చెప్పే పాత్ర లేదు. నేను రాసి పంపా, మూఢనమ్మకాల నిబంధన కిందకొస్తుంది, తగ్గించండి, డాక్టర్ పాత్ర గానీ టీచర్ పాత్ర గానీ ఎవరో ఒకరు ఎదురు మాట్లాడాలి అని. డైరెక్టర్ గారు ఫోన్ చేసి "మేడమ్, రేటింగ్ వచ్చేదే ఆ సీన్లకి, మీరు కొయ్యమంటే మా ఇళ్లల్లో పొయ్యి ఆరిపోతుంది" అన్నారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు, ఆ సీరియల్ మీద కొన్ని కుటుంబాలు బతుకుతున్నాయి. కానీ మా పాలమూరులో చేతబడి చేసిందనే అనుమానంతో మనుషుల్ని కొట్టిన సంగతులు చిన్నప్పుడు వింటూ పెరిగా, తెర మీద అది నిజమన్నట్టు వేస్తే దాని బరువు ఎక్కడ పడుతుందో నాకు తెలుసు. నేను ఒప్పుకోలేదు. రెండు రోజులు వాదన తర్వాత టీచర్ పాత్ర ఒకటి వచ్చింది, బాగా పేరు కూడా తెచ్చుకుంది ఆ అమ్మాయి.

రేటింగ్ అన్నాను కదా, దాని సంగతి. మొదట టామ్ వాళ్లు ఇచ్చేవాళ్లు, 2015 నుంచి బార్క్. కొన్ని ఇళ్లల్లో మీటర్ పెడతారు, ఇంట్లో ఒక్కో మనిషికి రిమోట్‌లో ఒక్కో బటన్, చూస్తున్నప్పుడు నొక్కాలి. బార్క్ పద్ధతిలో చానెల్ తన శబ్దంలో చెవికి వినపడని కోడ్ కలుపుతుంది, మీటర్ దాన్ని పట్టుకుంటుంది. దేశం మొత్తానికి కలిపి కొన్ని పదుల వేల ఇళ్లు, వాటిలో మన తెలుగిళ్లు కొన్ని, ఆ కొన్ని ఇళ్లవాళ్లు ఏం చూశారో దాన్ని బట్టి కోట్ల రూపాయల యాడ్లు అటో ఇటో వెళ్తాయి. గురువారం రేటింగ్ వచ్చిందంటే ఆఫీసులో నడక మారిపోతుంది. పడిపోతే మధ్యాహ్నానికి మీటింగ్, సాయంత్రానికి కథ మలుపు. చనిపోయిన పాత్రలు బతికొచ్చేది అందుకే, పెళ్లిళ్లు పీటల మీద ఆగేది అందుకే. జనం నవ్వుకుంటారు గానీ అది రాసే రైటర్ గారి రాత్రి ఎలా ఉంటుందో నేను చూశాను. అప్పటికే ఆర్నెల్ల కథ రాసుకున్న మనిషి, ఒక్క సాయంత్రం అదంతా పక్కన పెట్టి పొద్దున షూటింగ్‌కి కొత్త సీన్లు పంపాలి. యూసఫ్‌గూడలో ఒకావిడ రైటర్ ఉండేవారు, పిల్లాణ్ణి నిద్రపుచ్చి రాత్రి పదకొండుకి మొదలుపెట్టి తెల్లారేలోపు ఎపిసోడ్ ఫోన్లో చదివి వినిపించేవారు. అంత ఒత్తిడిలో కూడా అత్తగారి పాత్రకి ఒక మంచి మాట, ఒక సామెత, ఒక ఊరి యాస పెట్టేవారు, అది నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

డైలీ సీరియల్ అంటే బ్యాంక్ ఉండాలి, అంటే టెలికాస్ట్ కంటే ముందు కొన్ని ఎపిసోడ్లు చేతిలో ఉండాలి. పేరుకి పది పదిహేను ఉండాలంటారు, చాలాసార్లు రెండే ఉండేవి, ఒక్కోసారి రాత్రి ఏడున్నరకి పడాల్సిన ఎపిసోడ్ సాయంత్రం ఆరింటికి బైక్ మీద వచ్చేది, తడిసిపోకుండా షర్టు లోపల పెట్టుకుని. షూటింగులు మణికొండ బంగళాల్లో, సారథీ స్టూడియోలో, అన్నపూర్ణలో, ఇంకా పెద్దవైతే ఫిల్మ్ సిటీలో. కృష్ణానగర్‌లో తెల్లారకముందే జూనియర్ ఆర్టిస్టులు బండి కోసం నిలబడి ఉండేవాళ్లు. వేరే భాష నుంచి వచ్చిన హీరోయిన్లకి అసిస్టెంట్ డైరెక్టర్ కెమెరా పక్కన నిలబడి డైలాగ్ ప్రాంప్ట్ చేస్తాడు, ఆ అమ్మాయి పెదాలు కదిపితే తర్వాత మన డబ్బింగ్ ఆర్టిస్ట్ ప్రాణం పోస్తుంది. తెర మీద మీరు ప్రేమించిన గొంతు ఇంకొకరిది, చాలామందికి ఆ పేరు తెలీదు.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. సెట్లో ఒక అక్క హెయిర్ చేసేది, మేకప్‌లో ఆమె చేయి చూస్తే పెద్దపెద్దవాళ్లు ఆగిపోయేవాళ్లు, కానీ మేకప్ చేయడానికి యూనియన్ ఇచ్చే కార్డు మగవాళ్లకే, ఆడవాళ్లు జుట్టు మాత్రమే దువ్వాలి. ఎన్నో ఏళ్ల నుంచి ఇది ఆచారం లాగా నడిచింది. 2014 నవంబర్‌లో సుప్రీంకోర్టు ముంబై కేసులో ఇది చెల్లదని చెప్పింది. ఆ రోజు అక్క ఫోన్లో ఏడ్చింది, సంతోషంతోనే. అప్పటికి ఆమెకి యాభై దాటాయి.

పిల్లలతో చేయించే సీరియళ్ల విషయంలో కూడా మార్పు వచ్చింది. పాత రోజుల్లో చిన్నపిల్లలు రాత్రి పదింటిదాకా సెట్లో నిద్రపోతూ కూర్చోవడం నా కళ్లతో చూశా. ఇప్పుడు నిబంధనల ప్రకారం రోజుకి 5 గంటలే, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు, జిల్లా అధికారి అనుమతి కావాలి, సంపాదనలో 20 శాతం పిల్లల పేరు మీద డిపాజిట్ వేయాలి. మీ పాపని సీరియల్‌కి అడిగారంటే ముందు ఇవన్నీ అడగండి, మొహమాటపడకండి.

కేబుల్ అన్న లేకుండా ఈ కథ సగమే. గల్లీలో స్తంభం నుంచి స్తంభానికి నల్ల తీగ లాగి, నెలనెలా తలుపు కొట్టి డబ్బులు తీసుకునేవాడు, రిజిస్ట్రేషన్ కోసం హెడ్ పోస్టాఫీసుకి వెళ్లి ఫారం ఇచ్చేవాడు, అప్పటి నిబంధనల్లో అంతే ఉండేది. అనలాగ్ రోజుల్లో ఏ చానెల్ ఎన్నో నంబర్లో పడాలో ఆయన చేతిలో ఉండేది, వెనక నంబర్లకి నెట్టేస్తే బొమ్మ చీమలు పాకినట్టే, చానెల్ వాళ్లు ముందు బ్యాండ్ కోసం డబ్బులు ఎదురిచ్చేవాళ్లు. ఎన్ని కనెక్షన్లున్నాయో పైకి చెప్పే లెక్క వేరు, గల్లీలో లెక్క వేరు, అందుకే పే చానెళ్లకి రావాల్సింది రాక అంతా యాడ్ల మీదే బతకాల్సొచ్చింది. 2013లో హైదరాబాద్‌లో సెట్‌టాప్ బాక్స్ తప్పనిసరి అయ్యాక ఆ లెక్క బయటపడింది. తర్వాత 2019 ఫిబ్రవరి నుంచి ఫోన్లు, టీవీ ప్రసారాల మీద నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన కొత్త టారిఫ్, నచ్చిన చానెల్ ఎంచుకుని దానికే డబ్బు కట్టే పద్ధతి. మా అత్తమ్మ లిస్టు పట్టుకుని టిక్కులు పెడుతూ "మనకి నాలుగు తెలుగు చానెళ్లు చాలు గదనే" అంటే కేబుల్ అన్న ప్యాకేజీ తీసుకుంటేనే చవకమ్మా అని నచ్చజెప్పాడు, ఆయన చెప్పిందే నిజమైంది.

యాడ్ల మీద కూడా ఒక పరిమితి ఉంది, గంటకి 12 నిమిషాలు, అందులో 10 వ్యాపార ప్రకటనలు, 2 చానెల్ సొంత ప్రోమోలు. 2013లో దాన్ని గట్టిగా అమలు చేయాలని ట్రాయ్ పట్టుబడితే చానెళ్లు కోర్టుకెళ్లాయి, చందాలు సరిగా రాని చోట యాడ్లు తగ్గిస్తే జీతాలెక్కడివని. ఇద్దరి వాదనా నాకు అర్థమవుతుంది. కానీ చూసేవాళ్ల వైపు నుంచి ఆలోచిస్తే, కష్టపడి పని ముగించుకుని కూర్చున్న మనిషి గంటని అంతకంటే ఎక్కువ కోసే హక్కు ఎవరికీ లేదు అనే నా అభిప్రాయం.

డబ్బుల సంగతి కూడా దాచకుండా చెప్తా, ఈ రంగంలోకి రావాలనుకునే పిల్లలు అడుగుతుంటారు. చానెల్‌లో ఉద్యోగం అయితే నెల జీతం, పీఎఫ్. బయట ప్రొడక్షన్‌లో అయితే రోజు లెక్కో, ఎపిసోడ్ లెక్కో, చేతికొచ్చేది రెండు మూడు నెలల తర్వాత. అసిస్టెంట్‌గా చేరి, అసోసియేట్ అయ్యి, కో-డైరెక్టర్ అయ్యి, డైరెక్టర్ కుర్చీ దాకా వచ్చేసరికి జుట్టు నెరుస్తుంది. మధ్యలో డబ్బింగ్ సీరియళ్లు వెల్లువలా వచ్చినప్పుడు ఇక్కడి కళాకారులకి, టెక్నీషియన్లకి పని తగ్గిపోయి రోడ్డు మీద ధర్నాలు చేశారు. 2020 మార్చిలో షూటింగులు ఆగిపోయినప్పుడు బ్యాంక్ అయిపోయి అన్ని చానెళ్లూ పాతవే తిప్పి వేశాయి, జూన్‌లో అనుమతొచ్చేదాకా రోజు కూలీ మీద బతికే లైట్‌బాయ్‌లకి, ప్రొడక్షన్ వాళ్లకి బియ్యం సంచులు పంచుకున్నాం. అయినా రావొద్దని నేను ఎవరికీ చెప్పను. ఎడిటింగ్, సౌండ్, సబ్‌టైటిల్స్, స్క్రిప్ట్, ఏదో ఒక పని చేతికి పూర్తిగా వచ్చేలా నేర్చుకుని రండి, ముఖం చూపించాలనే ఆశ ఒక్కటే పెట్టుకుని రాకండి అంటాను. ఒప్పందం కాగితం మీద రాయించుకోండి, డబ్బులెప్పుడిస్తారో తేదీతో సహా.

ఇంతకీ ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మేం చేసిన పనిలో చాలా భాగం ఇప్పుడు లేదు. అప్పట్లో బీటా టేపు ఖరీదైన వస్తువు, టెలికాస్ట్ అయిపోయాక కొన్నాళ్లకి అదే టేపు చెరిపి దాని మీద కొత్త ఎపిసోడ్ రికార్డు చేసేవాళ్లు, చాలా చోట్ల అదే పద్ధతి. లైబ్రరీ అన్న కొన్ని టేపులు బీరువా వెనక దాచేవాడు, "ఇవి మంచిగున్నయి చెల్లె, కొట్టేయనియ్య" అని, ఆయన రిటైరయ్యాక అవి కూడా ఏమయ్యాయో. ఆ తొలి సీరియళ్లు, ఆ నాటకాల వాళ్లు చేసిన పాత్రలు, మా ఎడిటర్ గారు చెవితో కోసిన ఎపిసోడ్లు, ఎక్కడా దొరకట్లేదు. చానెల్ దగ్గర పోయినవి కొన్ని మీ ఇళ్లల్లో ఉండొచ్చు. 90ల్లో వీసీఆర్‌లో రికార్డు చేసుకున్న వీహెచ్‌ఎస్ క్యాసెట్లు అటక మీద ఉంటే దయచేసి పారేయకండి. ముందు మూత తీసి టేపు మీద తెల్లగా బూజు ఉందేమో చూడండి, ఉంటే మెషిన్‌లో పెట్టకండి, టేపూ పోతుంది, మెషినూ పోతుంది, శుభ్రం చేసి డిజిటల్‌లోకి మార్చేవాళ్లు సిటీలో ఇంకా ఉన్నారు, వాళ్లకివ్వండి. కవర్ మీద రాసిన తేదీ, చానెల్ పేరు ఫొటో తీసి పెట్టుకోండి. మార్పించేటప్పుడు మధ్యలో యాడ్లు, వార్తల ముక్కలు, అంతరాయం స్లైడ్లు వస్తే తీసేయమని చెప్పకండి, మొదటి నుంచి చివరిదాకా ఎలా ఉందో అలాగే ఉంచమనండి. మా నిర్మాత గారు ఎండలో తిరిగి అమ్మిన ఆ 20 సెకన్ల చీరల షాపు యాడ్ కూడా నాకు చూడాలనుంది.